పిడికెడు సంఘం

ఫాల్గుణం వచ్చేసరికి సన్యాసిరావు చేతిలో మిగిలినవి ఇవీ: డుంబ్రిగుడ సంతకు ఆనుకుని ఒక రేకుల దుకాణం, వానను ముందుగా పసిగట్టే రెండు మోకాళ్ళు, ముప్పై ఏళ్ళ బేరం నేర్పిన నోరు. వీటికి తోడు, మెట్టగుడ చింతపండు ఈ ఏడు కూడా తన గుమ్మంలోకే వస్తుందన్న ఆశ ఒకటి. భార్య సీతామహాలక్ష్మి పోయి రెండేళ్ళయింది కాబట్టి ఆమె లెక్కలోకి రాదు. రాకపోయినా ఆ వెలితి బరువు మాత్రం దుకాణంలో ఎక్కడ కూర్చున్నా తెలుస్తూనే ఉండేది.

మెట్టగుడ కొండ మీది ఊరు. అక్కడి చింతపండుతోనే ఏటా ఆయన లారీ నిండేది. లారీ నిండుతుందంటేనే కింద గజపతినగరం నుంచి ఘాట్ ఎక్కి వచ్చేది. రెండేళ్ళ కిందట ఏదో సేవా సంస్థ వాళ్ళు మెట్టగుడ వెళ్ళి, రైతుల చేత సంఘం పెట్టించి, ఊరి మధ్యనే కరెంటు కాటా పెట్టారు. నిరుడు సగం సరుకు అటు పోయింది. ఈ ఏడు మిగతా సగం కూడా పోతే లారీ రాదు. లారీ రాని దుకాణంలో సబ్బులూ బిస్కెట్లూ అమ్ముకుంటూ కూర్చునే ఓపిక ఆయనకు లేదు. బావమరిదికి ఫోన్లో చెప్పేశాడు కూడా: "ఉగాదికి తేలిపోద్ది. సరుకు రాపోతే తాళం ఏసి దిగిపోతాను."

ఒక సంత రోజు మధ్యాహ్నం, బేరం లేక ఈగలు తోలుకుంటున్న వేళ ముగ్గురు పిల్లలు వచ్చి గుమ్మం ముందు వరసగా నిలబడ్డారు. మెట్టగుడ బడి పిల్లలు. ముందున్న గుంట పేరు భాను, నాలుగో తరగతి. పక్కన ఉన్న సుక్రు ఆ ఊరి పెద్ద సోమన్న మనవడు. మూడోవాడు మంగ్లు ఇంకా చిన్నవాడు, నోట్లోంచి వేలు తియ్యలేదు.

"దండాలు సావుకారు బాబూ. మేం సంస్థ," అంది భాను.

"ఏ సంస్థే? ఉన్న సంస్థతోనే సస్తన్నాను."

"అది వేరే. మాది పిడికెడు సంఘం. మేడం పాఠం సెప్పింది. ఒక సంస్థోళ్ళు కళ్ళకి ఆపరేషన్ సేయిత్తారంట. ఒకలు పుస్తకాలు ఇత్తారంట. ఒకలు దుప్పట్లు ఇత్తారంట. మరి మీరేటి సేత్తారని మమ్మల్ని అడిగింది."

"ఏటి సేత్తారు?"

"శనివారం శనివారం ఇంటికో పిడికెడు సామలు తెత్తాం. యర్రమ్మ ముసిల్దానికి కాలిరిగింది కదా, దానికి ఇత్తాం. మగ గుంటలు పుల్లలేరతారు."

"ఈడు ఏరడు," అన్నాడు సుక్రు, మంగ్లును మోచేత్తో పొడిచి. "ఈడు ఊరికే కూడా వత్తాడు."

"మీరు కూడా ఏదోటి ఇయ్యాల," అంది భాను.

"ఏదిచ్చినా తీసుకుంటారా?"

"తీసుకుంటాం. శనగలొద్దు," అన్నాడు సుక్రు. "మా తాత సెప్పినాడు, నీ కాడి శనగలు ముందు పురుగులు తింటాయంట, మిగిల్తే మనకంట."

సన్యాసిరావుకు నవ్వొచ్చింది. చాలా రోజులకు వచ్చిన నవ్వు. అయితే నవ్వుతూనే లెక్క కట్టడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. బిస్కెట్లు ఇస్తే పెట్టుబడి పోతుంది. లోపల గదిలో బావమరిది నిన్న బస్సు మీద పంపిన గంపెడు కొబ్బరి మామిడికాయలు ఉన్నాయి. ఒంటి మనిషి ఎన్ని తింటాడు? ఇంకో రెండు రోజులుంటే మెత్తబడతాయి. అవే ఈ పిల్లల చేతుల్లో పెడితే మెట్టగుడలో ఇంటింటా తన పేరు వినబడుతుంది, అదీ చింతపండు ఎవరికి పొయ్యాలా అని ఆలోచించే రోజుల్లో. పోయే సరుకు ఇచ్చి వచ్చే సరుకును పట్టుకోవడమే కదా బేరమంటే. ఒక కాయ తన కోసం ఉంచుకుని గంప తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

పిల్లలు గంప వంక చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంగ్లు నోట్లోంచి వేలు తీసి ఏదో అనబోతే భాను వాడి భుజం నొక్కింది. పెద్దవాళ్ళు ఇచ్చినదాన్ని వాళ్ళ గుమ్మంలో కాదనకూడదు.

"తీసుకుంటాం బాబూ," అంది మెల్లగా. గంపను అటొకరు ఇటొకరు పట్టుకుని కొండ దారి పట్టారు. సిగ్గుపడుతున్నారనుకున్నాడు సన్యాసిరావు. ఆ రాత్రి ఆయనకు మోకాళ్ళ నొప్పి కాస్త తక్కువగా అనిపించింది.

తర్వాతి సంత నాడు పొద్దున్నే తక్కెడ తుడిచి, గోనెలు దులిపి కూర్చున్నాడు. మెట్టగుడ దారిలో మనుషులు దిగుతున్నారు. ఎవరి నెత్తి మీదా బుట్ట లేదు. పొద్దు వాలుతుండగా సోమన్న ఒక్కడూ ఉప్పు కోసం వచ్చాడు.

"చింతపండు ఏదీ సోమన్నా?"

"సంఘానికి పోసేసినాం సావుకారు. ఇంటి కాడే తూసి డబ్బులు ఫోన్లో ఏసేత్తన్నారు. నాకు ఆ ఫోను తెలీదు గాని మనవడు సూత్తాడు."

"ముప్పై ఏళ్ళ నుంచి మనం మనం అనుకున్నాం. నాకో మాట సెప్పలేదు."

"నీ కొట్టు దూరం, సంఘం కాటా దగ్గర. అందులో మాటేటుంది?" సోమన్న ఉప్పు ప్యాకెట్టు తువ్వాల్లో కట్టుకున్నాడు. కట్టుకుంటూనే అన్నాడు, "నువ్వు గుంటలకి మామిడికాయలు ఇచ్చినావు."

"ఇచ్చాను."

"కొత్త అవకుండా."

సన్యాసిరావు చెయ్యి తక్కెడ మీద ఆగిపోయింది. కొండ మీద ఏ పంటైనా, ఏ కాయైనా ముందు ఊరి దేవతకు పెట్టి కొత్త పండగ చేసుకున్నాకే నోట పెడతారు. మామిడి కొత్త కానిదే కాయ కొయ్యరు, ఊళ్ళోకి తేరు. ఈ సంగతి ఆయనకు తెలియనిదా? ఏటా ఆ రోజులొస్తే కాయలు లోపల దాచి, కొత్త అయ్యాకే బయట పెట్టేవాడు. ఆ తెలివి తనదేననుకున్నాడు ఇన్నేళ్ళూ. ఇప్పుడు కూర్చుని వెనక్కి లెక్కేసుకుంటే, ఏ ఊరికి కొత్త ఎప్పుడో సీతామహాలక్ష్మి చెప్పేది. సంతకొచ్చిన ఆడవాళ్ళు ఆమెకు చెప్పేవారు. "కాయలు లోపల పెట్టండి, మెట్టగుడకి ఇంకా అవలేదంట," అని లోపలి నుంచి కేకేసేది. ఆ కేక పోయింది, దాంతో ఈయన తెలివీ పోయింది.

"ఊరికి కోపం వచ్చిందా?"

"కోపమేటి. గుంటలు బుద్ధిగలోళ్ళు. గంపని ఊరి బయటే రాతి మీద ఎట్టేసినారు. కోతులు తినేసినాయి. కోతులకి కొత్త నేదు కదా." సోమన్న నవ్వి, ఆయన మొహం చూసి ఆపేశాడు. "కాయల గురించి కాదులే సావుకారు. అప్పటికే చింతపండు తూసేసినాం."

అంటే కాయలు ఇచ్చినందుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. అది మరీ కుంగదీసింది ఆయన్ని. తప్పు చేసినా పట్టించుకోనంతగా ఈ సంతకు తను అక్కర్లేకుండా పోయాడన్నమాట. బావమరిదికి ఫోను చేసి ఉగాదికి వచ్చేస్తానని చెప్పాడు.

శనివారం పొద్దున, ఉంచుకున్న ఒక్క కాయా అప్పటికే మెత్తబడినా, దాన్నే ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది నోట్లో పెట్టుకోబోతుంటే గుమ్మంలో కర్ర చప్పుడైంది. మళ్ళీ ఆ ముగ్గురే. భాను చేతిలో ఖాళీ గంప. సుక్రు చేతిలో వాడికంటే పొడవైన కర్ర. సన్యాసిరావు పళ్ళెం బల్ల కిందికి తోసేశాడు.

"అదేటి?" అన్నాడు మంగ్లు. వాడు మాట్లాడటం ఆయన వినడం అదే మొదలు.

"ఏం లేదు. మీరేటి ఇలా వచ్చారు?"

"యర్రమ్మ ముసిల్ది నడిసేత్తంది," అంది భాను. "తరవాత ఎవలికి సాయం సేత్తారని మేడం అడిగింది. నేను మీ పేరు సెప్పినాను."

"నా పేరా? నేను సావుకారుని!"

"అయితే ఏటి? మీకు కొత్త ఎప్పుడో తెలీనేదు. మా ఊళ్ళో బారిక ఇంటింటికీ ఎల్లి పండగ కబురు సెప్తాడు. తెలీనోళ్ళు ఎవలూ ఉండరు. మీకు తెలీనేదంటే సెప్పినోళ్ళు నేరన్నమాట. సెప్పినోళ్ళు లేనోళ్ళకి సెప్పాలని సంఘంలో అనుకున్నాం."

"నేను బారికని," అన్నాడు సుక్రు. కర్ర నేలకు కొట్టి, గొంతు పెద్దది చేసుకుని, సంతంతా వినబడేలా అరిచాడు. "సన్నాసి సావుకారోయ్! ఉగాది ఎల్లిన మంగళారం మెట్టగుడకి మామిడి కొత్త! అందాకా కాయ ముట్టకండోయ్! ఆ దినం బేగి రండోయ్!"

ఎదురు కొట్టువాడు తల బయటపెట్టి చూశాడు. భాను ఆకులో చుట్టిన పిడికెడు సామలు బల్ల మీద పెట్టింది.

"ఇది మీ వంతు," అంది. వెళ్ళబోతూ బల్ల కిందికి ఒక చూపు చూసి, "మీరు మైదానపోళ్ళు, మీకు పర్వానేదులే," అని నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక పళ్ళెం తీసి చూశాడు. ముక్కలు నీరు కారుతున్నాయి. తినబుద్ధి కాక దొడ్లో పారేశాడు. సాయంత్రం బావమరిది ఫోను చేశాడు.

"ఉగాదికి బండి పంపమంటావా?"

"ఉగాదికొద్దు. ఆ మంగళారం అయ్యాక పంపు."

"ఏం, సరుకేమన్నా వచ్చిందా?"

"రాలేదు."

"మరేటి?"

చెప్పడానికి ఓపిక లేక ఫోను పెట్టేశాడు. దుకాణం ఎలాగూ మూతపడుతుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. చీకటి పడుతుంటే అలవాటు కొద్దీ ఆ ఏటి లెక్క చూసుకున్నాడు. పోయినవి చింతపండు, లారీ, గంపెడు కాయలు. వచ్చినవి పిడికెడు సామలు, ఒక పండగ కబురు. ఎటు తిప్పి చూసినా నష్టమే. అయితే ఇన్నేళ్ళూ ఆ ఇంటికి వచ్చిన కబుర్లన్నీ సీతామహాలక్ష్మికి వచ్చినవి. ఆయన పేరు పెట్టి పిలిచి చెప్పిన కబురు ఇదొక్కటే.