టికెట్టు లేని ఆడోళ్ళు

పరదరామి దాటి ఉత్తరంగా కొండెక్కితే చిట్టచివరి ఊరు ఏనుగుమిట్ట. దాని అవతల అడవి, అడవికి అవతల ఆంధ్ర. గుడియాత్తం నుంచి పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి గవర్మెంటు బస్సు ఆ కొండెక్కి వచ్చేది. వచ్చే గురువారంతో ఆ బస్సు ఆఖరని కండక్టరు శక్తివేల్ చెప్పినప్పుడు పాపాతి నవ్వింది.

"ఎగతాళికైనా ఒక అదుపుండల్ల నాయనా," అనింది.

"ఎగతాళి కాదక్కా. మీ ఊర్లో బస్సెక్కే జనం లేరని వేలూర్లో తీర్మానం చేసేసినారు."

ఆ మాట విన్నప్పుడు బస్సులో నిలబడడానికి చోటు లేదు. సీతాఫలాల తట్టలు, చీపుర్ల కట్టలు, వాటి నడుమ ఇరుక్కోని ఆడోళ్ళు. మగోళ్ళు చానామంది ఆంబూరు, బెంగుళూరు ఫ్యాక్టరీల్లో ఉండారు. కొండ మీద మిగిలింది ఆడోళ్ళే. మూలసీట్లో కిటికీకి తల ఆనించి పాపాతి మొగుడు చిన్నప్పన్ కళ్ళు మూసుకోని ఉన్నాడు. వారానికి రెండుమాట్లు, మంగళవారం, శుక్రవారం, గుడియాత్తం ఆసుపత్రిలో ఆయన రక్తాన్ని మిషనుతో కడగాలి. ఒక్కమాటు తప్పినా కాళ్ళు ఇంకా ఉబ్బుతాయి, ఊపిరి ఆడదు. ఆటోవాళ్ళు ఆ కొండెక్కరు. బస్సు లేదంటే ఆయన లేడని అర్థం. అది పాపాతికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

సోమవారం వేలూర్లో జనం మొర వినే దినం. పాపాతి, పక్కింటి అమ్మణి పొద్దున బస్సుకే బయల్దేరి పోయినారు. మధ్యాహ్నం దాటినాక బస్సుల ఆఫీసరు ముందర నిలబడే వంతు వచ్చింది. తెల్ల చొక్కా మడత నలగని మనిషి. కసురుకోలేదు, కూర్చోమనీ అనలేదు.

"ఏనుగుమిట్టా?" అని ముందరున్న కంప్యూటరు చూసి తల ఊపినాడు. "ఆడవాళ్ళకు బస్సు ఇలవసమే, ఉచితమే కదమ్మా. కానీ ఎక్కిన ప్రతి ఆడమనిషికీ డబ్బు లేని టికెట్టు ఒకటి ఇస్తారు. దాన్ని బట్టే మాకు లెక్క. మీ బస్సులో ఆడవాళ్ళు ఎక్కినట్టే లేదు."

"ఎక్కినట్టే లేదా?" అమ్మణి నోటికి అడ్డు లేదు. "అయితే దినామూ తట్టలు మోసుకోని ఎక్కేది దయ్యాలా సార్?"

ఆఫీసరు నవ్వలేదు. పాపాతికి మాత్రం అర్థమైపోయింది.

శక్తివేల్ వాళ్ళకు టికెట్టు ఇచ్చేవాడు కాదు. టికెట్టు కొడితే తట్టకు వేరే లగేజీ చార్జీ కొట్టాలి. సీతాఫలాలు అమ్మితే వచ్చేదే కొంచెం, అందులో చార్జీ ఎందుకని వాడు మొదటినుంచీ చూసీ చూడనట్టు పోయేవాడు. మనిషి ఎక్కనట్టు ఉంటే తట్టా ఎక్కనట్టే కదా. చిన్నప్పన్ దగ్గర కూడా, "నీకేం టికెట్టు మామా, కూర్చో," అనేవాడు. ఊరంతా దాన్ని మర్యాదనుకున్నారు. కింద ఊరి ఆడోళ్ళ ముందర గొప్పగా చెప్పుకున్నారు కూడా. "మమ్మల్ని టికెట్టు అడిగేదానికి కండక్టరుకు నోరెట్ల వస్తాది? మా ఇంటోడు కదా," అని. పండక్కి వానికి తేనె సీసాలు, కొత్త చింతపండు ఇచ్చి పంపినారు. ఆ మర్యాదే ఊరికి ఊరినే లేకుండా చేసిందని ఇప్పుడు తెలిసింది.

"మేము ఎక్కినాం సార్. టికెట్టు తీసుకోలేదు, అంతే," అనింది పాపాతి.

"కండక్టరు ఇవ్వలేదా? పేరు చెప్పు."

ఆయన పెన్ను తీసినాడు. అమ్మణి కొంగు పట్టి లాగింది. "చెప్పొద్దే, పిల్లలు గలోడు," అని గుసగుసలాడింది. పాపాతికి శక్తివేల్ మొహం కళ్ళ ముందర ఆడింది. వెనకే చిన్నప్పన్ ఉబ్బిన కాళ్ళు కనబడినాయి.

"శక్తివేల్," అనింది.

ఆఫీసరు రాసుకున్నాడు. పొద్దున్నించి ఆ గదిలో ఎవరు ఏం చెప్పుకున్నా ఆయన పెన్ను కదలలేదు. ఇప్పుడు కదిలింది.

"సరే. వాని మీద విచారణ వేస్తాము. పోయి రండి."

"మా బస్సు?"

"అది వేరే విషయమమ్మా. ఏ దోవలో బస్సు ఆపెయ్యాలనేది పైన తీసుకున్న నిర్ణయం. ఒక ఊరి కోసం మార్చలేము. పరదరామి దాకా బస్సుంది, అక్కడి దాకా నడవండి."

"దోవలో ఏనుగులుండాయి సార్."

"ఏనుగుల సంగతి అటవీశాఖ చూసుకుంటుంది."

పాపాతి ఒళ్ళు మండిపోయింది. "పేరు కావాలంటే ఇప్పుడే, బస్సు కావాలంటే పైన! మీలో ఒక్కడన్నా ఆ కొండెక్కినారా? యాడుందో తెలుసునా మా ఊరు? మనిషిని చూడకుండా మనిషి లేదని రాసేదానికి చెయ్యెట్ల వచ్చింది? రేపొద్దున మా ఆయప్ప, నా మొగుడు పోతే, ఆ చావుకు కూడా టికెట్టు అడుగుతారా?"

ఆఫీసరు బంట్రోతు వైపు చూసినాడు. బంట్రోతు వచ్చి మెల్లగా, "రామ్మా, తర్వాతోళ్ళు నిలబడి ఉండారు," అన్నాడు.

సాయంత్రం బస్సులో పాపాతి దాచలేదు. శక్తివేల్ ముందర నిలబడి, "నీ పేరు చెప్పినాను," అనింది.

వాని మొహం పాలిపోయింది. "నా అన్నంలో మన్ను పోసినావా అక్కా? మీకు మంచి చేసినందుకా?"

"ఎవరు చెయ్యమన్నారు నీ మంచి? మా పేరిట ఒక కాగితం ముక్క చింపి ఇచ్చింటే ఈ దినం మేము మనుషులమని వాళ్ళకు తెలిసేది."

"చార్జీ కొడితే తిట్టింటారు కదక్కా!"

"తిట్టేవాళ్ళం. తిట్టినా బస్సు ఉండేది."

ఇద్దరి కోపమూ న్యాయమైనదే. అందుకే ఆ కోపం ఒకరి మీదనుంచి ఇంకొకరి మీదికి పోయి ఆగలేదు. అది నేరుగా వేలూరు ఆఫీసు మీదికి పోయింది.

గురువారం సాయంత్రం ఆఖరి బస్సు వచ్చింది. ఆడోళ్ళంతా దిగినారు. డ్రైవరు మునుస్వామి బండి తిప్పి కొండ దిగేదానికి సిద్ధమైనాడు. అప్పుడు పాపాతి పోయి ముందు టైరుకు అడ్డంగా కూర్చునింది. అమ్మణి కూర్చునింది. తట్టలు దించిన ఆడోళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చి దోవ నిండా కూర్చున్నారు.

"ఏందక్కా ఇది? బండి డిపోకు పోవల్ల," అన్నాడు మునుస్వామి.

"పోదు. ఈ బస్సు ఈ రాత్రి ఈడనే ఉంటాది. రేపు మా ఆయప్పను మిషనుకు తీసకపోతాది. మళ్ళా ఈడికే వస్తాది. బండి కావల్సినోళ్ళు కొండెక్కి రానీ."

"నా ఉద్యోగం?"

"నీ ఉద్యోగానికేం, నువ్వు కట్టేసిన గొడ్డువి. కట్టినోళ్ళం మేము. అట్లే చెప్పు."

మునుస్వామికి నవ్వొచ్చింది. బండి ఆపేసి తాళంచెవి జేబులో వేసుకోని దిగి బీడీ వెలిగించినాడు.

శక్తివేల్ ఫోను మోగింది. డిపో వాళ్ళు. వాడు కాసేపు విని పాపాతి వైపు చూసినాడు. సోమవారం నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఫోను మాత్రం చెయ్యి చాపి ఆమెకు ఇచ్చినాడు.

"ఎవరమ్మా నువ్వు?" అని అరిచింది ఫోను. "గవర్మెంటు బండిని పట్టుకుంటే జైలు, తెలుసా?"

"నేనా? మీ లెక్కలో లేనిదాన్ని," అనింది పాపాతి. "లేనోళ్ళను జైల్లో ఎట్ల పెడతారో వచ్చి చూపించండి. జీపులో రాండి, పోలీసులతో రాండి. వేలూరు పెద్దాయన్ను కూడా ఎక్కించుకోని రాండి. దోవ ఎట్లుండాదో ఆయనా చూడనీ."

ఫోను శక్తివేల్‌కు తిరిగి ఇచ్చేసింది.

అంతలో ఇంటి వైపునుంచి చిన్నప్పన్ వచ్చినాడు. రెండడుగులకొకసారి నిలబడి, గోడో చెట్టో పట్టుకోని వచ్చినాడు.

"పోలీసులొస్తే మొదట నిన్నే ఈడుస్తారే. రేపు నాకు మిషనుండాది, అది గుర్తుండాదా నీకు?"

"దానికే కూర్చున్నా. నువ్వు పోయి పడుకో."

ఆయన పోలేదు. టైరు పట్టుకోని మెల్లగా వంగి, ఉబ్బిన కాళ్ళు దోవకు అడ్డంగా చాపి ఆమె పక్కన కూలబడినాడు.

"జరుగు," అన్నాడు. "నన్ను చూసినాక కూడా నడిచి పొమ్మంటారో లేదో చూస్తాం."