పోలీసు పరుగుకు గుంజీలా?

గుంజీలు తియ్యమనేసరికి దుర్గేష్‌కు తిక్క రేగింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష నెలన్నరలో ఉంది. గట్టెక్కితే నాచారం కంపెనీలో అట్టపెట్టెలు మోసే బతుకు తప్పుతుంది. గట్టెక్కకపోతే వయసు దాటిపోతుంది, ఇక జన్మలో ఖాకీ లేదు.

మోకాలి కింద ఎముక సలుపుతోంది, ఏం చెయ్యాలని అడిగినందుకు విజయభాస్కర్ మాస్టారు ఇచ్చిన సలహా అది. ఆయన గుంటూరు వైపు బడుల్లో డ్రిల్లు చెప్పి రిటైరై, మేనల్లుడు ఉమాపతితో నాచారంలో ఉంటున్నాడు. రోజూ పొద్దున దుర్గేష్ పరిగెత్తే ఉప్పల్ స్టేడియం రోడ్డుకే నడకకు వస్తాడు.

"పరుగు సగానికి తగ్గించు నాయనా. గుంజీలు తియ్యి. మెట్టు అంచున నిలబడి మడమలు లేపి దించు. ఒంటికాలి మీద నిలబడు. కాళ్లలో బలం లేకుండా పరిగెత్తితే దెబ్బంతా ఎముకే తింటుంది" అన్నాడు.

"మంచిది సార్" అన్నాడు దుర్గేష్. లోపల మాత్రం అనుమానం తొలిచింది. ఉమాపతి కూడా ఆ పరుగుకే దరఖాస్తు పెట్టాడు. వాడేమో కళ్లముందే రోడ్డు మీద రివ్వున పోతున్నాడు. బడిలో లెక్క తప్పితే తీసే గుంజీలు తనకూ, పరుగు వాడికీనా?

కంపెనీలో సాంబయ్య మామ ఆ అనుమానానికి ఇంకాస్త మేత వేశాడు. "ఆయన మేనల్లునికి పోటీ నువ్వే గదరా? నిన్ను కూసోవెడ్తె ఫాయిద ఎవలికి? జర పైలం."

ప్రత్యేక రాష్ట్రం వస్తుందా రాదా అని ఊరంతా రగులుతున్న రోజులు. ఆంధ్రా మాస్టారి మీద అనుమానమంటే సాక్ష్యం ఎవడు అడుగుతాడు? దుర్గేష్ ఒక్క గుంజీ తియ్యలేదు. పొద్దున మాస్టారికి కనబడేలా కాసేపు మెల్లగా పరిగెత్తి, సాయంత్రం షిఫ్టు దిగాక బోడుప్పల్ వైపు దొంగచాటుగా రెట్టింపు పరిగెత్తాడు. "చేస్తున్నావా?" అని మాస్టారు అడిగితే "జేస్తున్న సార్" అని నవ్వేవాడు. తన తెలివికి తనకే ముచ్చటేసేది. నొప్పి మాత్రం పెరిగింది. మాస్టారి కన్ను పడిందని సాంబయ్య మామ దిష్టి కూడా తీయించాడు.

పరుగు ఇంకో వారం ఉందనగా, బోడుప్పల్ రోడ్డు మీద కాలు కలుక్కుమంది. ఇక అడుగు పడలేదు. దవాఖానాలో ఎక్స్‌రే తీసి ఎముక చిట్లిందన్నారు. ఖాకీ ఆశ అక్కడే పోయింది.

మర్నాడు మాస్టారు గదికి వచ్చాడు. దుర్గేష్ ఆయన ముఖంలో సంతోషం వెతికాడు. కాలికున్న కట్టు చూసి ఆ పెద్దాయన గోడవారగా కూలబడ్డాడు.

"నా తప్పే నాయనా. పగలంతా బరువులు మోసేవాడివి, నీకా గుంజీలు ఎక్కువయ్యాయి. చూసుకోలేకపోయాను. నోటికాడి కూడు తీసేశాను."

కళ్లు తుడుచుకుని ఫోన్ తీశాడు. "ఒరే ఉమాపతీ, డాబా మీద గుంజీలూ అవీ ఇవాళ్టి నుంచి ఆపెయ్. దుర్గేష్ కాలు వాటివల్లే పోయిందిరా. ఇక ఉత్త పరుగే పరిగెత్తు."

అంటే మాస్టారు ఉమాపతి చేత కూడా అవే చేయిస్తున్నాడు. దుర్గేష్ సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు మూసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు. సాంబయ్య మామ దగ్గర పరువూ దక్కుతుంది. అవతల ఉమాపతి "సరే మామయ్యా" అంటున్నాడు.

దుర్గేష్ చెయ్యి చాచి ఫోన్ లాక్కున్నాడు.

"బంద్ జెయ్యకు ఉమాపతీ. నేనొక్క గుంజీ గూడ దియ్యలే. మీ మామ నన్ను ముంచుతున్నడనుకున్న."

అంతసేపూ మాస్టారి ముఖం వైపు మాత్రం చూడలేకపోయాడు.