వీపు మీద నాలుగంకెలు

నేను ఒక చెక్క స్కేలును. ఒక అంచున పన్నెండు అంగుళాలు, రెండో అంచున ముప్పై సెంటీమీటర్లు. జన్నారం టేకులో తలుపులకూ కిటికీలకూ పోగా మిగిలిన ముక్కతో మెట్‌పల్లి వడ్రంగి ఒకాయన తన బావమరిది కోసం నన్ను చేశాడు. ఆ బావమరిది లెక్కల మాస్టారు. ఆయన చేతిలో నేను గీతలు గీసిన దానికంటే అరచేతులు వాయించిందే ఎక్కువ. రిటైరైన రోజున, అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్న శిష్యుడు రాజేశానికి నన్ను బహుమతిగా ఇచ్చి పోయాడు. మనుషుల ప్రేమలు అలాగే ఉంటాయి.

రాజేశం బస్టాండు ఎదురుగా నెట్ సెంటర్ పెట్టుకున్నాడు. అక్కడ నాకు ఏడాదికి ఒక్క నెలే పని. ఎంసెట్ ర్యాంకులు వచ్చాక, ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో చూపే నిరుటి పుస్తకం తీస్తాడు. వచ్చినవాళ్ళ ర్యాంకు పెన్సిలుతో నా వీపు మీద రాసుకుని, నన్ను వరుస కింద ఆనించి చదువుతాడు. పని కాగానే బొటనవేలితో తుడిచేస్తాడు. నిరుటి లెక్కతో రేపటి సంగతి చెప్పే ఈ జోస్యం వినడానికి జనం చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. నాకు నవ్వొచ్చేది.

ఒక ఏడు, కావలసిన కాలేజీలను వరుసగా ఎంచుకునే ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజున నవనీత వచ్చింది. మోటార్లు బాగుచేసే పోచమల్లు కూతురు. కాలిన మోటారుకు రాగితీగ చుట్టడం పదేళ్ళప్పుడే నేర్చిన పిల్ల. యూనివర్సిటీ కాలేజీలో ఎలక్ట్రికల్ చదవాలని ఒకటే పట్టు. రాజేశం నా వీపు మీద 2874 అని రాసి నన్ను వరుస కింద పెట్టాడు. నిరుడు ఆ సీట్లు 2640 దగ్గర ఆగిపోయాయి.

“కష్టం బిడ్డా.”

“అయినా ఫస్టు అదే పెడ్త కాకా.”

“ఫస్టు ఆప్షన్ ఆగం చేసుకుంటవా? అది రాకపాయె, రెండోది ఇంకెవలన్న ఎగరేసుకపాయె, అప్పుడేం జేస్తవ్? పక్కా వచ్చేది పైన పెట్టు.”

రాజేశం మాటలో కపటం లేదు, తెలివిడీ లేదు. పైన పెట్టింది రాకపోతే కంప్యూటరు కిందిది చూస్తుంది, అంతే; ర్యాంకు అరిగిపోదు. పైనున్నది వచ్చిందంటే మాత్రం ఇక కిందివాటి మొహం చూడదు. ఆ బల్ల మీద పడుండి నేను నేర్చిన ఈ ముక్క చెప్పడానికి నాకు నోరు లేదు.

నవనీత నా అంచు మీది గీతల వెంట వేలు జరిపింది. తర్వాత దగ్గర్లోని ప్రైవేటు కాలేజీని పైన, యూనివర్సిటీని కింద పెట్టింది. పైనదే వచ్చింది.

ఆ ఏటికి నా మీద రాసిన వాటిలో ఆమెదే చివరి ర్యాంకు. తుడవడం రాజేశం మరిచిపోయాడు. పదకొండు నెలలు ఆ నాలుగంకెలతో సొరుగులో ఒక్కదాన్నే పడున్నాను. అంత ఒంటరితనం అంతకుముందెన్నడూ ఎరగను.

మరుసటి ఏడు స్కాలర్‌షిప్ ఫారం కోసం వచ్చిన నవనీత, బల్ల మీది కొత్త పుస్తకం తెరిచి, తను సీటు తెచ్చుకున్న ఏటి ర్యాంకులు వెతికింది. సొరుగులోంచి అప్పుడే బయటికొచ్చిన నన్ను తనే యూనివర్సిటీ ఎలక్ట్రికల్ వరుస కింద పెట్టింది. 2911. అంటే ఆమె తర్వాత ఇంకా ముప్పై ఏడు ర్యాంకుల దాకా ఆ తలుపు తెరిచే ఉంది. ఆ దూరం కొలవడానికి నా మీద ఉన్నవేమో ముప్పై సెంటీమీటర్లే.

అప్పుడే పక్క కుర్చీలోని పిల్లకు రాజేశం పాత పాఠం మొదలుపెట్టాడు.

“నచ్చింది పైన పెట్టుకోనీ కాకా,” అంది నవనీత. “రాకపోతే కిందిది యాడికి వోదు.”

రాజేశం ఆమె తెరిచిన పేజీ చూశాడు. “నీ ర్యాంకెంతుండె బిడ్డా?” అన్నాడు మెల్లగా.

“యాదికి లేదు కాకా.”

ఫారం తీసుకుని వెళ్ళిపోయింది. ర్యాంకు మరిచిపోయే పిల్ల ఉంటుందా? రాజేశం నన్ను వెనక్కి తిప్పాడు. బొటనవేలు ఆ అంకెల దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఇప్పుడు నేను గోడ మేకుకు వేలాడుతున్నాను, వీపు జనం వైపు పెట్టి. ఆ అంకెలేమిటని ఎవరడిగినా రాజేశం చెప్పడు. “నీకేం గావాలె? గదే పైన పెట్టు,” అంటాడు. నవనీత మళ్ళీ ఆ దుకాణానికి రాలేదు.