లేవనివ్వని కుర్చీ

నందిగామ పీజీ కాలేజీ లైబ్రరీ తలుపులు తీయగానే పిల్లలు రెండు గుంపులవుతారు. తొందరున్నవాళ్లు మేడమీద కొత్తగా పెట్టిన కంప్యూటర్ల గదికి పరిగెడతారు. అక్కడ ఏ దేశపు పత్రికైనా చిటికెలో తెరమీదికొస్తుంది, కరెంటుంటే. పరీక్షంటే గుండెదడ ఉన్నవాళ్లు మాత్రం కింద హాల్లో, కిటికీ పక్కనున్న టేకు కుర్చీ కోసం కాచుక్కూచుంటారు. దాన్లో కూర్చుని ఏ పేజీ తెరిస్తే, ఆ పేజీ అర్థమయ్యేదాకా అది లేవనివ్వదు. అర్థమైతే వదిలేస్తుంది. అంతే.

ఎకనామిక్స్ లెక్చరర్ ఉపేంద్ర ఆ కుర్చీ ఛాయలకి కూడా పోడు. మెట్ట పొలాల్లో పత్తి సాగు మీద ఆయన పీహెచ్‌డీ థీసిస్ అంతా మేడమీదే తయారైంది. రేపే యూనివర్సిటీలో వైవా. అది గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఈ ఏడాదితో ఇంటికే. పాపం, వారం నుంచి ఆయనకి తిండి సయించడం లేదు.

ఆ సాయంత్రం విజయవాడ బస్సెక్కేముందు థీసిస్ ఓసారి తిరగేద్దామని హాల్లోకొచ్చి, కంగారులో చూసుకోకుండా ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. ఆరో అధ్యాయంలో ఓ పేజీ తీసి చదివాడు. లేవబోయాడు. లేస్తేగా!

"రత్నమణిగారూ!" అని లైబ్రేరియన్ని కేకేశాడు. "ఇది నేను రాసిందేనండీ! నాకర్థం కాకపోవడమేంటి?"

"అర్థమైతే లేవండి మరి," అంది ఆవిడ పుస్తకాలు సర్దుకుంటూ.

మళ్లీ చదివాడు. పురుగుమందు ఎంత కొడితే రైతుకి అంత లాభమట. ఎలా? చందర్లపాడులో తన సొంత బాబాయే మందులు కొట్టీ కొట్టీ పొలం అమ్ముకున్నాడు. ఈ ముక్క ఎక్కణ్నుంచి తెచ్చినట్టు? పేజీ అడుగున ఏదో విదేశీ పత్రికలో వచ్చిన వ్యాసం పేరు కనబడింది. రోడ్డు మీద బస్సు హారన్ వినబడినప్పుడల్లా గడియారం చూసుకుంటున్నాడు.

పక్క బల్ల దగ్గర తన స్టూడెంటు నీహారిక కనబడింది. "అమ్మా, పైకెళ్లి ఈ వ్యాసం మొత్తం ప్రింటు తీసుకురా," అన్నాడు గొంతు తగ్గించి. "అప్పుడు నేను సారాంశమే చదివా."

"మొత్తం చదవకుండానే రాసేశారా సార్?"

"వెళ్లు తల్లీ, నీకు దణ్ణం పెడతా!"

ఆ పిల్ల కాయితాలు తెచ్చిచ్చింది. చివరి పేజీలో ఉంది అసలు మాట. ఇదంతా కాలవ నీళ్లున్న భూములకే, వానమీద బతికే మెట్టకి వర్తించదు. ఉపేంద్రకి బాగా అర్థమైంది. ఆరో అధ్యాయం తప్పు. దానిమీద కట్టిన ముగింపూ తప్పే.

కుర్చీ వదిలేసింది.

లేచి నిలబడ్డాడు. ఇప్పుడైనా మించిపోయింది లేదు. ఆ పేజీ రేపు ఎవరూ అడగరు, గైడు కూడా చదివుండడు. సంచీ భుజానేసుకుని గబగబా గుమ్మందాకా వెళ్లాడు.

"ఆల్ ది బెస్ట్ సార్!" అంది వెనకనుంచి నీహారిక. "వైవా అయ్యాక ఓ కాపీ ఇక్కడ పెట్టండి. నా ప్రాజెక్టూ పత్తి మీదే. మీ ఆరో అధ్యాయంలోంచి రాసుకుంటా."

ఉపేంద్ర అడుగు గుమ్మం దాటలేదు. వెనక్కొచ్చి, రత్నమణి బల్లమీది ఫోన్ తీసుకున్నాడు.

"సార్, రేపు నేను రావట్లేదండి. థీసిస్ తిరిగి రాయాలి." అవతల గైడు అరుపులు హాలంతా వినబడ్డాయి. "తెలుసండి. ఉద్యోగం పోతుందని తెలుసండి," అన్నాడు.

ఫోన్ పెట్టేసి, థీసిస్ మొదటి పేజీ తెరిచి, భయపడుతూనే ఆ కుర్చీలో కూర్చున్నాడు.