ఆడపడుచు కప్పలు, వదిన అప్‌డేట్

బట్టల మీద కుట్టే డిజైన్లు గీయడానికి వదిన, కప్పల అరుపుల మీద పరిశోధనకు ఆడపడుచు ఒకే కంప్యూటర్ వాడేవారు. డిస్కును రెండు భాగాలు చేసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకున్నారు. ఆన్ చేయగానే ఎవరిది కావాలో అడిగే జాబితా వచ్చేది. “ఒకే ఒరలో రెండు కత్తులు, ఎన్నాళ్లు ఇముడుతాయో చూద్దాం” అనేవాడు వదిన భర్త.

ఆ ఉదయం ఆడపడుచు తన ఫలితాలను పరీక్షకులకు వినిపించడానికి వెళ్లింది. ఇంట్లో వదిన ఒక్కతే ఉంది. వారం రోజులుగా తన సిస్టమ్ పోరుతున్న అప్‌డేట్‌కి సరేనంది. గంట తర్వాత యంత్రం మళ్లీ మొదలైంది కానీ జాబితా రాలేదు. నేరుగా వదిన తెరే వచ్చింది.

అంతలో ఫోన్ మోగింది.

“వదినా, పెన్‌డ్రైవ్‌లో పాత గ్రాఫ్ తెచ్చుకున్నా. కొత్తది నా సిస్టమ్‌లో ఉంది. పదకొండుకి నన్ను పిలుస్తారు, కాస్త పంపవా?”

అప్పటికి పదింపావు. “నీ సిస్టమ్ కనబడట్లేదే. ఇప్పుడే అప్‌డేట్ చేశాను” అంది వదిన, దాచకుండా.

“పోయిందా? నాలుగేళ్ల కప్పలు వదినా.”

“ఉండు, చూడనీ.” వదిన డిస్కు వివరాలు తెరిచింది. “రెండు భాగాలూ ఉన్నాయి. నీ దాని కొలత అంగుళం తగ్గలేదు. తలుపే కనబడట్లేదు, అంతే.”

ఆడపడుచుకి ప్రాణం లేచివచ్చింది. “అయితే ఎవర్ని ముందు లేపాలన్న వరస మారుంటుంది. ఆపేసి, ఆన్ చేస్తూనే ఎఫ్-టూ మీట నొక్కుతూ ఉండు.”

మొదటిసారి ఆలస్యమైంది. రెండోసారి నీలం రంగు సెట్టింగుల పేజీ వచ్చింది. అందులో వదినది పైన, ఆడపడుచుది అట్టడుగున ఉన్నాయి.

“నన్ను అందలం ఎక్కించి నిన్ను మూల కూర్చోబెట్టిందమ్మాయ్.”

“నన్ను పైకి జరిపి సేవ్ చెయ్యి.”

తెర నల్లబడింది. రెండు పేర్లతో జాబితా వచ్చింది. ఆమె కుర్చీలోంచి లేచిపోయింది. “వచ్చింది, వచ్చేసింది. నీ దాంట్లోకి వెళ్లా. ఆగు, ఇది కూడా అప్‌డేట్ కావాలంటోంది.”

“దాని జోలికి పోకు, నీకు దణ్ణం పెడతా.”

పదీ నలభైకి గ్రాఫ్ చేరింది.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్ వచ్చింది. ఆడపడుచు మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. “ఆ గ్రాఫ్ చూసి ఆ కప్ప అరుపు మూడుసార్లు వేయించుకున్నారు వదినా. కొత్త జాతి కావచ్చంటున్నారు. వచ్చే నెల వాళ్లూ నాతో చిత్తడి నేలకి వస్తారట.”

ఆ సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియక, జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినావిడకి వదిన అరగంట కప్పల సంగతే చెప్పింది.

ఆదివారం ఇద్దరూ కలిసి కూర్చున్నారు. ముందు ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి, తర్వాత ఆడపడుచు సిస్టమ్‌కి అప్‌డేట్ పెట్టారు. జాబితా చెక్కు చెదరలేదు.

“నా వైపు కూడా ఇంకోటి వచ్చింది, కానిద్దామా?” అంది వదిన ఉత్సాహంగా.

“రోజుకి ఒకటే” అంటూ ఆడపడుచు మౌస్ లాక్కుంది.