మీసం దాటని మాట

మేము స్టూడియో ఆవరణలో కారు దిగేసరికి ఇద్దరు మనుషులు ఒక ఆసుపత్రి మంచాన్ని లోపలికి మోసుకుపోతున్నారు. తెల్లని దుప్పటి, దిండు, మడతపెట్టిన రోగి గౌను దానిమీద సిద్ధంగా ఉన్నాయి. మా బావగారు చేతికర్ర నేలకు ఆనించి, ఆ మంచం తలుపు దాటి మాయమయ్యేదాకా చూశారు.

"పొడవు నాకు సరిపోతుందంటావా?" అన్నారు నాతో.

"అది మీకోసమేనని ఎందుకనుకోవాలి?"

"ఈ సీరియల్లో జబ్బుపడే వయసు ఇంకెవరికుందోయ్?"

ఆ యూనిట్లో 'మంచం ఎక్కించడం' అన్న మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. వయసు మళ్ళిన నటుడు సంభాషణ చెప్పలేకపోతున్నాడని తోస్తే అతణ్ణి వెళ్ళిపొమ్మనరు. పాత్రకు పక్షవాతం తెప్పించి మాట పోగొడతారు. ఆపైన నటుడు పడుకుని కళ్ళు తిప్పితే చాలు. నాయనమ్మ పాత్ర వేసిన ఆవిడ ఆ విధంగానే మంచమెక్కి, కొంతకాలం కళ్ళు తిప్పి, చివరకు గోడమీద ఫొటో అయింది.

మా అక్క భర్త అయిన ఈ నటుడికి మాట పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. సినిమాలో ఆయన మొదటి పాత్రకు ఉన్నది ఒకే వాక్యం: "అయ్యగారూ, బండి వచ్చింది." ఆ మాట విని హాల్లో జనమంతా తలుపువైపు తిరిగారట. ఇది ఆయన చెప్పినదే, నేను సాక్షిని కాను. ఆ తరువాత ప్రతినాయకుడి పక్కన నిలబడి నవ్వేవాడిగా, తన్నులాట ముగిశాక వచ్చే పోలీసు అధికారిగా, కళ్ళద్దాలు తీసి "క్షమించండి" అనే డాక్టరుగా, కథానాయికలకు వరుసగా తండ్రిగా నటించారు. ఒక నిర్మాత ఆయన పాత్రకు వేరొకరి చేత గొంతు చెప్పిస్తే, మరుసటి సినిమాకు ఇచ్చిన బయానా తిప్పి పంపేశారు. "ముఖం నాదీ, గొంతు పరాయివాడిదీనా? మా ఆవిడే నన్ను గుర్తుపట్టదు" అన్నారు. సినిమాలు తగ్గినప్పుడు టెలివిజన్ పిలిచింది. ఇప్పుడు ఈ దైనిక ధారావాహికలో ఇంటి పెద్దాయన పాత్ర ఆయనది. యూనిట్లో కూడా అందరూ 'పెద్దాయనా' అనే పిలుస్తారు.

ఆ పెద్దాయనకు ఏడాదిగా వినికిడి లేదు.

ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురమే: ఆయన, అక్క, నేను. చెవియంత్రం ఇంట్లో బీరువాలో ఉంది. అది క్లోజప్‌లో కనబడుతుందని ఆయన భయం, కనబడిన రోజునే మంచం ఎక్కిస్తారని అక్క భయం. టెలివిజన్లో కాగితం అప్పటికప్పుడు వస్తుంది గనుక నటులు బట్టీపట్టరు. కెమెరా పక్కన నిలబడిన ప్రాంప్టర్ ఒక్కొక్క వాక్యం మెల్లగా అందిస్తుంది, నటుడు అందుకుంటాడు. మధ్యలో ఆమె గొంతును తరువాత కత్తిరించేస్తారు. మా బావగారు ఆమె గొంతు వినడం మానేసి పెదవులు చదవడం నేర్చుకున్నారు. ఎదుటివాడి ముఖం చదవడం నటుడికి వృత్తే కదా. అయినా పోయిన వారం ఆమె తల వంచి చదవడంతో ఒక మాటకు మరొక మాట పలికి, కొడుకు పాత్రధారి చేత ఫక్కున నవ్వించారు. ఆ నవ్వు పైవాళ్ళ దాకా పోయింది.

మామూలుగా ఆయన వెంట అక్క వెళుతుంది. ఆనాడు ఆమె మోకాలు మొరాయించింది. "ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఆయన చెయ్యి నొక్కు తమ్ముడూ. అదొక్కటే నీ పని. ఉపన్యాసాలివ్వకు" అని నన్ను పంపింది. నేను కళాశాలలో ఆంగ్లోపన్యాసకుడిగా పనిచేసి పదవీవిరమణ చేసినవాణ్ణి. ఉపన్యాసం మాట ఎత్తకుండా మా ఇంట్లో నన్ను ఏ పనికీ పంపరు.

దర్శకుడు ఎదురొచ్చాడు. వేగంగా మాట్లాడే మనిషి. నేను బావగారి మోచేతిని తాకాను. ఆయన దర్శకుడి పెదవులమీద చూపు నిలిపారు.

"పెద్దాయనా, ఇవాళ సీనంతా మీదే. ఇల్లు పంచమని కొడుకులు గొడవ, మీరు లేచి నిలబడి కడిగేస్తారు. ఒకే షాట్‌లో లాగేద్దాం. ఛానల్ వాళ్ళు 'ఆయన చెప్పగలరా' అన్నారు. చెప్తారన్నాను. నా పరువు మీ నోట్లో పెట్టాను."

"చెప్పలేకపోతే?" అని బావగారే అడిగారు.

దర్శకుడు తల గోక్కున్నాడు. "రైటర్‌గారు రెండు రకాలుగా రాశారు. రెండోదాంట్లో మీరు లేవబోయి పడిపోతారు. అయినా అంత దూరం పోదులెండి."

మంచం ఎందుకు వచ్చిందో ఇక ఎవరూ చెప్పనక్కరలేదు.

మేకప్ గదిలో సగం కాగితమే అందింది. ఆ సగం ఆయన అద్దం ముందు కూర్చుని కంఠస్థం చేశారు. మిగిలిన సగం రచయిత ఇంకా రాస్తున్నాడట. అది ఎలాగూ ప్రాంప్టర్ అందిస్తుందన్న ధీమాలో ఉండగా ఆమె తలుపు తోసుకుని వచ్చింది. ముక్కూ నోరూ మూసుకుపోయేలా ముఖానికి మాస్కు ఉంది.

బావగారి చేతిలోని దువ్వెన ఆగిపోయింది.

ఆమె ఏదో అన్నది. ఆయన నావైపు చూశారు. నేను తొందరపడి, "అలాగేనమ్మా, రెడీ అవుతున్నారు. మాస్కు ఏమిటి, ఒంట్లో బాగులేదా?" అన్నాను.

"దగ్గు సార్. హీరోయిన్‌కి అంటిందంటే షెడ్యూల్ మునిగిపోతుందని డైరెక్టర్‌గారు తియ్యనివ్వట్లేదు. పర్లేదు, గట్టిగానే అందిస్తాను. పెద్దాయనకి వినబడుతుంది." మిగిలిన సగం కాగితం ఒక్కసారి చూపించి, దానిమీద గుర్తులు పెట్టుకోవాలంటూ మళ్ళీ పట్టుకుపోయింది.

తలుపు మూసుకున్నాక బావగారు కుర్చీ నావైపు తిప్పుకున్నారు. ఆమె చెప్పినదంతా నేను ముఖాముఖి నిలబడి తిరిగి చెప్పవలసివచ్చింది. సగం చెప్పేసరికి ఆయనకు విసుగొచ్చింది.

"నోరు విప్పవయ్యా లెక్చరరూ! ఇంగ్లీషు చదివినవాళ్ళంతా ఇంతే, పెదవి కదిపితే పన్ను కట్టాలన్నట్టు మాట్లాడతారు. పైగా ఆ మీసం ఒకటి. తెర వేసేసి నాటకమాడితే నాకేం తెలుస్తుంది?"

"కెమెరా పక్కన నేను నిలబడి, ఆమె చెప్పినది చెప్పినట్లు పెదవులతో అందిస్తాను."

"నీ మాట ఎప్పుడు మీసం దాటింది గనక?"

ఆ మీసానికి మా కుటుంబంలో ఒక చరిత్ర ఉంది. మా అక్క ఈయన్ని చేసుకుంటానన్నప్పుడు నేను పెద్దలందరి ముందూ నిలబడి, "వేషాలు వేసి ఇతడు సంసారం ఈదితే నా మీసం తీయించుకుంటాను" అన్నాను. సంసారం ఈదారు. మీసం అలాగే ఉంది. ఆయన ఒక్కనాడూ నోరు తెరిచి అడగలేదు. అయితే సినిమా విడుదలైన ప్రతిసారీ మా ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడి, తన నున్నని పైపెదవిమీద లేని మీసాన్ని మెలితిప్పి, కాఫీ అడిగేవారు.

ఇంతలో బయటనుంచి పిలుపు వచ్చింది. లైట్లు సరిచూడడానికి ఆయన సెట్‌లో నిలబడాలి. చెయ్యి నొక్కాను. లేచి, పంచె కుచ్చెళ్ళు సవరించుకున్నారు.

"పడిపోయేదైనా నిజంగా పడ్డట్టు పడతాన్లే. ఆ మాత్రం వచ్చు" అని వెళ్ళిపోయారు.

గదిలో నేనూ మేకప్‌మ్యానూ మిగిలాం. అద్దంలో నా ముఖం చూసుకున్నాను. నలభై బల్బుల వెలుతురులో ఆ మీసం తప్ప మరేమీ కనబడలేదు. ఉద్యోగంలో చేరిన ఏడు పెంచినది. విద్యార్థులు దాన్ని చూసే లేచి నిలబడేవారు.

"నాయనా, ఇది తీసెయ్యి" అన్నాను.

మేకప్‌మ్యాన్ నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "ఏది సార్?"

"మీసం."

"కొంచెం కత్తిరించమంటారా?"

"మొత్తం. తొందరగా."

"ఇంట్లో చెప్పే వచ్చారా సార్? తర్వాత మేడమ్‌గారొచ్చి నన్ను తిట్టకూడదు మరి." అంటూనే నురుగు రాశాడు. కత్తి పైపెదవికి ఆనగానే నేను కళ్ళు మూసుకున్నాను. పని ముగించి, "ముఖం చిన్నదైపోయింది సార్" అన్నాడు, ఓదార్పుగా.

నేను సెట్‌లోకి పరుగెత్తాను. పరుగెత్తి ఎంతకాలమైందో!

పెద్ద హాలు సెట్. నడుమ బావగారు కుర్చీలో, చుట్టూ కొడుకులు, కోడళ్ళు. తలుపు దగ్గర వియ్యంకుడి పాత్రధారి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆనాడు ఆయనకు ఒక్క మాటైనా లేదు. వెనక గోడకు ఆనించి మంచం ఉంది. ప్రాంప్టర్ కెమెరా కుడిపక్కన కాగితంతో నిలబడింది. నేను ఆమె భుజం వెనక, లైటు ముఖంమీద పడే చోటు చూసుకుని నిలబడ్డాను.

"మీరెవరండీ?" అన్నాడు కెమెరామ్యాన్.

"పెద్దాయన బావమరిదిని."

"ఇందాక చూసినప్పుడు ఆయనకి మీసముంది కదా?"

జవాబు చెప్పే వ్యవధి లేదు. దర్శకుడు "యాక్షన్" అన్నాడు.

మొదటి సగం బావగారికి కంఠస్థమే. "ఈ ఇల్లు నేను కట్టలేదురా. మీ అమ్మ కట్టింది. నేను ఇటుకలు మోశానంతే" అంటూ కుర్చీలోంచి లేచారు. ఆ గొంతు హాలు నలుమూలలా నిండింది. అందరివైపూ తిరుగుతూ, అలవాటు చొప్పున ప్రాంప్టర్ వైపు చూశారు. మాస్కు తగిలింది. ఆ చూపు పక్కకు జారి నా ముఖంమీద పడింది. దాటిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఆయన పెదవులు బిగుసుకున్నాయి. గడ్డం వణికింది. కళ్ళలో నీళ్ళు నిండాయి. అది దుఃఖం కాదనీ, నవ్వు ఆపుకుంటున్నారనీ ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. నవ్వితే సీను పోతుంది. నేను చేయగలిగినది ఒకటే చేశాను. ప్రాంప్టర్ అందించిన వాక్యాన్ని అక్షరమక్షరం విడదీసి, పళ్ళన్నీ బయటపెట్టి, శబ్దం లేకుండా పలికాను.

"పంచుకుంటారా?" అన్నారు బావగారు, తడిసిన గొంతుతో. "పంచుకోండి."

అందింది! తరువాతి వాక్యం కూడా అందింది. "గదులు పంచుకోండి. గోడలు పంచుకోండి. గడప ఎవడి వాటాకొస్తుందో ముందది తేల్చండి."

అక్కడ ప్రాంప్టర్‌కు దగ్గు తెర వచ్చింది. రెండు చేతులూ మాస్కుకు అడ్డం పెట్టుకుని వంగిపోయింది. కాగితం ఆమె పొట్టకూ మోకాళ్ళకూ మధ్య నలిగిపోయింది. తరువాతి వాక్యం ఏమిటో నాకు తెలియదు. బావగారు నా పెదవులవైపే చూస్తున్నారు. కొడుకులు, కోడళ్ళు ఆయన్నే చూస్తున్నారు. దర్శకుడి చెయ్యి మెల్లగా పైకి లేస్తోంది. ఆ చెయ్యి దిగితే 'కట్', దాని వెనకే మంచం.

నేను కంగారుపడి, ఏమంటున్నానో తెలియకుండా, పెదవులతో అనేశాను: ఆగు బావా!

"ఆగు బావా!" అన్నారు బావగారు, హాలు దద్దరిల్లేలా.

కొడుకులతో మాట్లాడుతున్న మనిషికి అక్కడ బావ ఎవరు?

ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణంలోనే అది కాగితంలోది కాదని ఆయనకు తెలిసిందనుకుంటాను. కనురెప్ప ఒక్కసారి వాలింది. అంతే. విసురుగా వెనక్కి తిరిగి, చేతికర్ర ఎత్తి, తలుపు దగ్గర ఊరికే నిలబడిన వియ్యంకుడికి గురిపెట్టారు. వియ్యంకులు ఒకరినొకరు బావగారూ అనే కదా పిలుచుకుంటారు. గారూ లేదు, గౌరవం లేదు, అంత కోపం!

"ఆగు బావా! అక్కడ నిలబడి తలూపుతున్నావేం? నీ కూతుర్ని ఈ ఇంటికి పంపిననాడు టేపు పెట్టి గదులు కొలిచి పంపావా?"

తల ఊపని ఆ నటుడు నిజంగానే ఉలిక్కిపడి, ఒక అడుగు వెనక్కి వేసి, తలుపుకు కొట్టుకున్నారు. "లే... లేదు బావగారూ" అన్నారు. సీరియల్ మొదలైనప్పటినుంచి ఆయన పలికిన మాటల్లో అంత సహజమైనది లేదు.

దర్శకుడి చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. ప్రాంప్టర్ కళ్ళు తుడుచుకుంటూ లేచి, నలిగిన కాగితం విప్పి చివరి వాక్యం అందించింది. నేను అందించాను.

"ఆ గడప నేను దాటాకే పంపకం" అని బావగారు కూర్చున్నారు.

"కట్!"

దర్శకుడు నుదురు తుడుచుకున్నాడు. "ఆ 'ఆగు బావా' ఏమిటండీ! ఒళ్ళు జలదరించింది. ఎవరు రాశారది?"

వెనకనుంచి రచయిత గొంతు సవరించుకుని ముందుకు వచ్చాడు. "ఆఖరి నిమిషంలో తోచిందండీ" అన్నాడు.

బావగారికి అది వినబడలేదు. వినబడిన నేను నోరు మెదపలేదు. దర్శకుడు గోడవైపు చూసి, "ఒరే, ఆ మంచం తీసెయ్యండి, అడ్డం" అన్నాడు. మోసుకొచ్చిన ఇద్దరూ మోసుకుపోయారు.

ప్రాంప్టర్ కాగితం చదును చేసుకుంటూ నా దగ్గరకు వచ్చింది. ఆ మాట అందులో లేదని అందరికంటే ముందు తెలిసినది ఆమెకే. మాస్కు పైనున్న ఆమె కళ్ళు నా పైపెదవిమీద కాసేపు నిలిచి, కుర్చీలో వెనక్కి వాలిన బావగారి మీదకు పోయి, తిరిగి వచ్చాయి.

"నా దగ్గు ఇప్పట్లో తగ్గేలా లేదు సార్. రేపు మీరు కొంచెం ముందే రండి" అని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. మంచం గురించి అడగబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది, భుజాలు అదిరాయి.

"ఇన్నాళ్ళకి ఓడిపోయావురా తమ్ముడూ!"

బావగారు చెప్పులు విప్పుకుంటూ తలెత్తారు. "ఏమంటోంది మీ అక్క?"

నేను ఆయన ఎదుటికి వెళ్ళి, వీధి దీపం నా ముఖంమీద పడేలా నిలబడి, పెదవులు బాగా కదుపుతూ చెప్పాను.

"మీరు గెలిచారంటోంది."

ఆయన నా నోటివైపే చూశారు. "మళ్ళీ 'మీరు' ఏమిటోయ్? సెట్‌లో బాగానే పిలిచావుగా" అన్నారు.