తొక్కుడు మానని కాళ్ళు

జ్ఞానానందం కాళ్ళకు ఆదివారం కూడా సెలవుండేది కాదు. వారమంతా నర్సీపట్నం బస్టాండు వెనక సందులో కుట్టుమిషను తొక్కేవాడు. ఆదివారం చర్చిలో కాళ్ళ హార్మోనియం తొక్కేవాడు. ఎడమకాలు, కుడికాలు, మళ్ళీ ఎడమకాలు. తొక్కితేనే తిత్తిలోకి గాలి, గాలి ఉంటేనే పాట. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయిపోయేవి. పోనీ సుఖపడతాడని భార్య లీల మిషనుకు మోటారు కొని తెస్తే, దాన్ని అట్టపెట్టెలోంచి బయటికి తీయనిచ్చాడు కాదు. కాలు ఆడకపోతే చెయ్యి ఆడదని అతని వాదం. మొండివాళ్ళకు వాదాలకేం తక్కువ!

ఎలుకలు హార్మోనియం తిత్తి కొరికేశాక సంఘంవాళ్ళు డిజిటల్ పియానో కొన్నారు. శనివారం మధ్యాహ్నం క్వయర్‌లో పాడే ఏంజెలిన్ అతన్ని దాని ముందు కూర్చోబెట్టింది.

"ఇది వాల్యూమ్ అంకుల్. ఇది శ్రుతి పెంచడానికి, తగ్గించడానికి. ఇదేమో నొక్కితే టక్కుటక్కుమని తాళమేస్తాది, దీని జోలికెళ్ళకండి. కింద మూడు పెడళ్ళున్నాయి కదా, కుడిది నొక్కుంచితే వేలు తీసేసినా సౌండు ఆగదు. ఎడంది నొక్కితే మెత్తబడతాది. మద్దెది మనకొద్దు."

అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. వాయించడం మొదలుపెట్టగానే కాళ్ళు వాటి పని అవి చూసుకున్నాయి. కుడికాలు తొక్కితే స్వరాలన్నీ ఒకదాని మీదొకటి పడి కలగాపులగమయ్యాయి. ఎడమకాలు తొక్కితే నీరసంగా అయిపోయాయి. పాట ఒకసారి సంతలా, ఒకసారి జ్వరం మనిషి మూలుగులా వినిపించింది. ఎన్నిసార్లు వాయించినా అదే వరస.

పాస్టరు దయాకర్ బాబు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "రేపటికి కుదరకపోతే జోసఫ్ రాజు వాయిస్తాడులెండి, యూత్ మీటింగుల్లో కీబోర్డు వాయించేది అతనే కదా. మీరూ అలిసిపోయారు, ఇక రెస్టు తీసుకోండి జ్ఞానానందం గారూ" అన్నాడు.

మంచిగానే అన్నాడు. జ్ఞానానందం అలిసిపోయిన మాటా నిజమే. కానీ వారం మొత్తంలో ఆ గంటసేపే అతను ఎవరి కొలతలూ తీయకుండా, ఎవరి తొందరా వినకుండా కూర్చునేది. అదీ పోతే ఇక మిగిలేది ఒట్టి అలసటే.

చర్చి ఊడుస్తున్న లీల చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"ఏటండి, కాళ్ళు కదపకుండా ఉండలేరేటి?"

"నానేటి సెయ్యను? అయ్యే ఆడుతున్నాయి."

"అన్నానికి కూకున్నట్టు మఠమేసి కూకోండి. అప్పుడెలాగాడతాయో సూద్దాం."

ఆదివారం టైలరుగారు బెంచీ మీద మఠం వేసుకుని పియానో వాయించడం చూసి వెనక వరసల్లో ముసిముసి నవ్వులు నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, పాట మాత్రం తప్పుల్లేకుండా నడిచింది. చిక్కంతా ముసలి రాజులమ్మతో వచ్చింది. చరణం చివర ఊపిరున్నంతవరకూ లాగి పాడటం ఆవిడ అలవాటు. హార్మోనియం ఉన్న రోజుల్లో జ్ఞానానందం ఆవిడ ఆపేదాకా తొక్కుతూనే ఉండేవాడు. ఇప్పుడు మీట మీంచి వేలు తీయగానే పియానో ఠక్కున ఆగిపోయింది, ఆవిడ గొంతు ఒక్కటే వణుకుతూ మిగిలింది. నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. ముందు వరసలో జోసఫ్ రాజు సర్దుకుని కూర్చున్నాడు.

రెండో చరణం చివరికొచ్చింది. జ్ఞానానందం మెల్లగా కుడికాలు కిందికి దించాడు. పెడల్ నొక్కి, కాలు అలాగే ఉంచేశాడు. చేతులు ఒళ్ళోకి తీసుకున్నాడు. అయినా స్వరం ఉంది. సన్నబడుతూ, రాజులమ్మ గొంతును పట్టుకుని, ఆవిడ ఊపిరి అయిపోయేదాకా ఉంది. అతనికి ఏడుపొచ్చినంత పనయింది. కాలికి కదలకుండా ఉండే పని కూడా ఒకటుంటుందని అతను కలలో కూడా అనుకోలేదు.

ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు. లీల వచ్చి పక్కన కూర్చుంది.

"రేపు బేగి మెకానిక్కు లచ్చన్నకి కబురెట్టు. మిసనుకి మోటారు బిగిస్తాడు" అన్నాడు.

"కాలాడకపోతే సెయ్యాడదన్నారు కాదేటి?"

"ఆడింది కదే" అన్నాడు జ్ఞానానందం, తన పాదాల కేసి చూసుకుంటూ. "పాపం, ఈటినే ఇన్నాళ్ళూ ఊరికే కూకోనీలేదు."